ఓపెన్ సోర్స్ రూటర్: వెనక్కి వచ్చే దారి చూసుకుని మొదలుపెట్టండి

రూటర్ హార్డ్‌వేర్ అంత తొందరగా పాడవదు. ముందు ఆగిపోయేవి దానికి కంపెనీ ఇచ్చే అప్‌డేట్లు. మోడల్ అమ్మకాలు ఆగాక ఒకటో రెండో ప్యాచ్‌లు వస్తాయి, తర్వాత అవీ ఉండవు. యాంటెనాలు బాగానే ఉంటాయి, పోర్టులు బాగానే ఉంటాయి, లోపలి లినక్స్ కెర్నల్ మాత్రం ఏళ్ళ నాటిది అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ప్రతి ఫోనూ, టీవీ, కెమెరా బయటికి వెళ్ళేది ఆ డబ్బా గుండానే. అందుకే నేను రూటర్ కొనేటప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని లెక్కలోకే తీసుకోను. దాన్ని తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (OpenWrt, రూటర్ల కోసం లినక్స్ మీద చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వేయగలనా, వేశాక తేడా కొడితే వెనక్కి రాగలనా అన్న రెండే చూస్తాను. రెండోది చాలామంది అడగరు. నా దృష్టిలో మొదటిదానికన్నా అదే ముఖ్యం.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయే ఎందుకు, ఇంకోటి వేయకూడదా అంటే వేయొచ్చు. డీడీ-డబ్ల్యూఆర్‌టీ ఉంది, ఫ్రెష్‌టొమాటో ఉంది. మీ దగ్గర ఇప్పటికే బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత రూటర్, ఉదాహరణకి నెట్‌గేర్ ఆర్7000 ఉంటే ఫ్రెష్‌టొమాటోనే దారి, హాయిగా వేసుకోండి. కొత్తగా కొంటున్నవాళ్ళకి మాత్రం నేను వేరే పేరు చెప్పను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2004 నుంచి నడుస్తోంది. మధ్యలో 2016లో కొందరు డెవలపర్లు లీడ్ అనే పేరుతో విడిపోయారు, 2018 మొదట్లో మళ్ళీ కలిశారు. అంత గొడవ జరిగినా విడుదలలు ఆగలేదు. నాకు కావలసింది ఆ నిలకడే.

కొనే ముందు

ముందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లో టేబుల్ ఆఫ్ హార్డ్‌వేర్, అంటే అది ఏ రూటర్ల మీద పడుతుందో చెప్పే పట్టిక తెరవండి. షాపింగ్ సైట్ ఆ తర్వాత. చాలామంది తిరగేసి చేస్తారు. ఆఫర్ చూసి కొనేసి, డబ్బా విప్పాక "దీనికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పడుతుందా?" అని అడుగుతారు. అప్పటికి మనం చెప్పగలిగేది ఏమీ ఉండదు.

పట్టికలో మోడల్ పేరు కనిపించగానే సంబరపడకండి, వెర్షన్ కూడా కలవాలి. అది రూటర్ అడుగున స్టిక్కర్ మీద, చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది. టీపీ-లింక్ ఆర్చర్ ఏ6 తీసుకోండి. వెర్షన్ 2లో క్వాల్‌కామ్ చిప్, వెర్షన్ 3లో మీడియాటెక్ చిప్. పేరు ఒకటే, లోపల సరుకు వేరు. ఒకదాని ఫర్మ్‌వేర్, అంటే రూటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్, ఇంకోదానికి పనికిరాదు. ఇది ఇవాళ్టి అలవాటు కాదు. ఈ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఉద్యమానికి కారణమైన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీలోనూ ఇదే జరిగింది. 2002 చివర్లో వచ్చిన ఆ రూటర్‌లో లినక్స్ నడుస్తోందని బయటపడి, లైసెన్సు ప్రకారం 2003లో సోర్స్ కోడ్ ఇవ్వాల్సి వచ్చింది. 2005లో వెర్షన్ 5 వచ్చేసరికి లినక్స్ తీసేసి, మెమరీ సగానికి కోసేశారు. జనం గోల చూసి పాత హార్డ్‌వేర్‌నే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని వేరే పేరుతో అమ్మారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నట్టయితే డబ్బులు ఇచ్చే ముందు అడుగున స్టిక్కర్ ఫోటో పంపమనండి. పంపడానికి నసిగేవాళ్ళ దగ్గర కొనొద్దు.

తర్వాత మెమరీ. ఫ్లాష్ అంటే ఫర్మ్‌వేర్ నిలవుండే చోటు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటి కాలం ఎప్పుడో అయిపోయింది, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. 8 ఎంబీ, 64 ఎంబీ ఉన్నవాటిలో ఫర్మ్‌వేర్ ఎక్కుతుంది గానీ ఇంకేం వేయాలన్నా చోటుండదు. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ కనీసం అనుకోండి. కొత్తది కొనేవాళ్ళు 128 ఎంబీ ఫ్లాష్, 256 ఎంబీ ర్యామ్ కన్నా తక్కువకి దిగకపోవడమే మంచిది.

అసలు కథంతా చిప్‌లో ఉంది. డబ్బా మీద ఏఎక్స్3000 అనో ఇంకేదో అనో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. అది అన్ని రేడియోల వేగాలూ కూడి వేసిన అంకె, ఏ ఒక్క ఫోనుకీ అంత రాదు. దాన్ని వదిలేసి లోపల ఎవరి వైఫై చిప్ ఉందో చూడండి. బ్రాడ్‌కామ్ అయితే వద్దు. వాళ్ళ కొత్త వైఫై చిప్‌లకి సరైన ఓపెన్ డ్రైవర్ లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కినా వైఫై కుంటుతుంది, లేదా అసలు రాదు. పాత క్వాల్‌కామ్ ఏథెరోస్ చిప్‌లు గట్టివి. ఇవాళ కొత్తగా కొనాలంటే నా ఓటు మీడియాటెక్ ఫిలాజిక్ వరుసకే, అంటే ఎంటీ7981, ఎంటీ7986. డ్రైవర్ ఓపెన్, వైఫై 6 పనిచేస్తుంది, ప్రాసెసర్‌కి సత్తువ ఉంది. వీటికన్నా ముందుతరం ఎంటీ7621 కూడా చెడ్డది కాదు, కాకపోతే కింద చెప్పబోయే ఎస్‌క్యూఎం (లైన్ మీద క్యూని అదుపులో ఉంచే పద్ధతి) పెట్టి గిగాబిట్ లైన్ మొత్తం లాగమంటే దాని వల్ల కాదు. మీ ప్లాన్ వంద ఎంబీపీఎస్ దగ్గరుంటే ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు.

ఇక వెనక్కి వచ్చే దారి. ఫ్లాష్ చేస్తుండగా, అంటే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుండగా కరెంటు పోయినా, తప్పు ఫైల్ ఎక్కినా రూటర్ పైకి లేవదు. అప్పుడు మనల్ని కాపాడేది బూట్‌లోడర్. అది ఫర్మ్‌వేర్ కన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రాం, మామూలు ఫ్లాషింగ్ దాని జోలికి వెళ్ళదు. ఆ బూట్‌లోడర్ కేబుల్ మీదుగా కొత్త ఫైల్ తీసుకోగలిగితే మీకు భయం లేదు. టీపీ-లింక్ పాత మోడళ్ళు చాలావాటిలో టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీదుగా ఫైల్ పంపే సాదా పద్ధతి) రికవరీ ఉంటుంది. నెట్‌గేర్ వాటికి ఎన్‌ఎంఆర్‌పీఫ్లాష్ అనే చిన్న టూల్ ఉంది. ఆసుస్ వాటిలో రెస్క్యూ మోడ్ ఉంటుంది. కొన్నిటికి డబ్బా విప్పి, బోర్డు మీద సీరియల్ పిన్నులకి వైర్లు తగిలించడం తప్ప వేరే దారి ఉండదు. అది 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో, సోల్డరింగ్‌తో ముడిపడిన పని. సరదా ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. ఇల్లంతా ఆధారపడే రూటర్‌కి మాత్రం నేను అలాంటిది ఎంచుకోను. పట్టికలో ప్రతి మోడల్‌కీ విడి పేజీ ఉంటుంది. అందులో ఇన్‌స్టలేషన్ భాగం కన్నా ముందు రికవరీ భాగం చదవండి. అక్కడ "సీరియల్ మాత్రమే" అని ఉంటే ఇంకో మోడల్ చూసుకోండి.

ఈ తలనొప్పే వద్దనుకుంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ ఉంది. ప్రాజెక్టు వాళ్ళే డిజైన్ చేసి 2024 చివర్లో బయటికి తెచ్చిన రూటర్. ఎంటీ7981 చిప్, 1 జీబీ ర్యామ్. దాంట్లో నాకు నచ్చింది వేగం కాదు, ఒక చిన్న స్విచ్. ఫ్లాష్ చిప్‌లు రెండు ఉంటాయి. మామూలుగా నడిచేది ఒకటి, ఆపదకి దాచిపెట్టినది ఇంకోటి. ఎలాంటి తప్పు చేసినా స్విచ్ జరిపి రెండో దాని నుంచి లేపుకోవచ్చు. జీఎల్-ఐనెట్ రూటర్లు కూడా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆధారంగా చేసిన ఫర్మ్‌వేర్‌తోనే వస్తాయి, చాలా మోడళ్ళలో బ్రౌజర్‌తోనే రికవరీ చేసుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి ఇవి బాగుంటాయి.

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్ కమ్ రూటర్ మీద ప్రయోగాలు చేయొద్దు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే మోడెమ్‌గా మాత్రమే పనిచేసేలా పెట్టించుకుని, దాని వెనక మన రూటర్ పెట్టుకోవడమే తేలిక.

ఫ్లాష్ చేసే ముందు

పాత రూటర్ ఇంకా పనిచేస్తుండగానే దాని వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) సెట్టింగ్స్ పేజీని ఫోటో తీసుకోండి. పీపీపీఓఈ (లాగిన్ అయి నెట్ తీసుకునే పద్ధతి) అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి. వీల్యాన్ నంబర్ (ఒకే కేబుల్‌లో వేర్వేరు నెట్‌వర్క్‌లని విడదీసే అంకె) ఉంటే అదీ కావాలి. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తే ఇంటర్నెట్ కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. రూటర్ విప్పదీశాక, ఇంట్లో అందరూ నెట్ ఏది అని నెత్తిన కూర్చున్నప్పుడు కస్టమర్ కేర్ సంగీతం వింటూ ఉండటం మంచి అనుభవం కాదు.

ఫర్మ్‌వేర్ సెలెక్టర్ పేజీలో మీ మోడల్, వెర్షన్ టైప్ చేస్తే ఫైళ్ళు వస్తాయి. ఫ్యాక్టరీ అని ఉన్నది కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి మొదటిసారి మారడానికి. సిస్‌అప్‌గ్రేడ్ అని ఉన్నది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి. రెండూ దించుకోండి. కంపెనీ ఒరిజినల్ ఫర్మ్‌వేర్ కూడా వాళ్ళ సైట్ నుంచి దించి పక్కన పెట్టుకోండి. స్నాప్‌షాట్ అని ఉన్నవి ముట్టుకోవద్దు. అవి రోజూ తయారయ్యే ప్రయోగాల బిల్డ్‌లు, వాటిలో బ్రౌజర్‌లో కనిపించే లూసీ ఇంటర్‌ఫేస్ కూడా ఉండదు. దించిన ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 విలువని (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) సైట్‌లో ఇచ్చినదానితో సరిపోల్చండి. అర నిమిషం పని.

మోడల్ పేజీ మొత్తం ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో సేవ్ చేసుకోండి. నెట్ పోయాక చదవాల్సి వచ్చేది అదే.

ఫ్లాష్ చేయడం

ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్ ల్యాన్ (ఇంటి వైపు) పోర్టుకి కలపండి. వైఫై మీద ఫ్లాష్ చేయొద్దు. ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి, లేకపోతే అది పక్క నెట్‌వర్క్ పట్టుకుని మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా చేస్తుంది. కంపెనీ పేజీలోకి వెళ్ళి, ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ దగ్గర ఫ్యాక్టరీ ఫైల్ ఇవ్వండి. లైట్లు ఆరతాయి, వెలుగుతాయి, మళ్ళీ ఆరతాయి. అయిదు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. అయిదూ నెమ్మదిగా గడుస్తాయి, అది మామూలే.

తర్వాత బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే లూసీ లాగిన్ పేజీ వస్తుంది. యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. ఫోన్‌లో వెతికితే వైఫై కనిపించదు. పాడైందని టెన్షన్ పడకండి. పాస్‌వర్డ్ లేని వైఫై గాల్లోకి వదలకూడదని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కావాలనే దాన్ని ఆపేసి ఇస్తుంది.

కంపెనీ పేజీ ఫైల్‌ని ఒప్పుకోకపోయినా, ఒప్పుకున్నాక రూటర్ లేవకపోయినా టీఎఫ్‌టీపీ దారి ఉంది. టీపీ-లింక్ ఆర్చర్ సీ7 వెర్షన్ 2 మీద అది ఎలా నడుస్తుందో చెప్తాను, మిగతావీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ల్యాప్‌టాప్‌కి చేత్తో 192.168.0.66 అని ఐపీ ఇవ్వాలి, ఆ బూట్‌లోడర్ ఆ అడ్రస్ దగ్గరే ఫైల్ కోసం వెతుకుతుంది. ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్ నడుపుతూ, ఫైల్‌కి మోడల్ పేజీలో రాసిన పేరే పెట్టాలి. పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా తీసుకోదు. విండోస్ ఫైర్‌వాల్ ఆ కాసేపు ఆపాలి. రూటర్ ఆపి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే, సర్వర్ విండోలో ఫైల్ వెళ్తున్నట్టు ఒక గీత కదులుతుంది.

ఆ గీత కదలకపోతే పదికి తొమ్మిదిసార్లు కారణం ఒకటే. రూటర్ ఆన్ అయిన మొదటి క్షణాల్లో పోర్టు ఆగి మళ్ళీ లేస్తుంది. ల్యాప్‌టాప్ "కేబుల్ ఊడింది" అనుకుని ఐపీ వదిలేస్తుంది. అది తేరుకునేలోపు బూట్‌లోడర్ అడిగి, జవాబు రాక ముందుకి వెళ్ళిపోతుంది. విరుగుడు చిన్నదే. ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య ఒక మామూలు నెట్‌వర్క్ స్విచ్ పెట్టండి. ల్యాప్‌టాప్ చూసేది స్విచ్‌ని, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఐపీ పోదు. నా దగ్గర అయిదు పోర్టుల పాత స్విచ్ ఒకటి ఈ పనికే ఉంది.

దీనికన్నా పైన ఇంకో దారి ఉంది, ఫెయిల్‌సేఫ్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ బాగానే ఉండి, మీరు పెట్టిన సెట్టింగ్ వల్ల లోపలికి వెళ్ళలేకపోతే ఇది పనికొస్తుంది. బూట్ అవుతుండగా ఒక లైట్ గబగబా మెరుస్తుంది, అప్పుడు రీసెట్ నొక్కాలి. ల్యాప్‌టాప్‌కి 192.168.1.2 ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్‌తో (రూటర్‌కి నేరుగా కమాండ్లు ఇచ్చే దారి) 192.168.1.1 కి వెళ్తే పాస్‌వర్డ్ అడగకుండా రానిస్తుంది. మౌంట్ రూట్ కమాండ్ ఇస్తే మీ సెట్టింగ్స్ ఫైళ్ళు కనిపిస్తాయి, తప్పుపోయిన లైన్ సరిచేసుకోవచ్చు. విసుగొస్తే ఫస్ట్‌బూట్ కమాండ్ ఇచ్చి అన్నీ తుడిచేయొచ్చు.

మొదటి సెట్టింగ్స్

ముందు పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత ల్యాన్ అడ్రస్. మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో లేకుండా అదీ 192.168.1.1 మీదే ఉంటే, రెండు డబ్బాలూ ఒకే అడ్రస్ కోసం కొట్టుకుని నెట్ రాదు. ల్యాన్‌ని 192.168.10.1 లాంటిదానికి మార్చేయండి. ఇక్కడ లూసీ ఒక మంచి పని చేస్తుంది. సేవ్ అండ్ అప్లై కొట్టాక 90 సెకన్లలో మీ బ్రౌజర్ తిరిగి దాన్ని చేరుకోలేకపోతే మార్పుని తనే వెనక్కి తీసుకుంటుంది. అడ్రస్ మార్చినప్పుడు మాత్రం ఇదే అడ్డం వస్తుంది. మీ ల్యాప్‌టాప్ ఇంకా పాత ఐపీలోనే ఉంటుంది కాబట్టి చేరుకోలేదు, మార్పు పోతుంది. అప్లై నొక్కగానే కేబుల్ ఒకసారి ఊడదీసి పెట్టి, కొత్త అడ్రస్‌తో పేజీ తెరవండి. లేదా అప్లై అన్‌చెక్డ్ ఎంచుకోండి.

వ్యాన్ దగ్గర డీహెచ్‌సీపీ (ఐపీ దానంతట అదే వచ్చే పద్ధతి) అయితే ఏమీ చేయక్కర్లేదు. పీపీపీఓఈ అయితే ప్రోటోకాల్ మార్చి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. వీల్యాన్ కావాలంటే డివైస్ పేరు పక్కన చుక్క పెట్టి ఆ నంబర్ రాయాలి, అంటే వ్యాన్ చుక్క 100 అన్నట్టు. అన్నీ సరిగ్గా ఉన్నా ఐపీ రాకపోతే మోడెమ్‌ని కొన్ని నిమిషాలు ఆపి ఆన్ చేయండి. కొన్ని లైన్లు పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌ని (పరికరం సొంత గుర్తింపు నంబర్) గుర్తుపెట్టుకుని కొత్తదాన్ని రానివ్వవు.

వైఫైలో మొట్టమొదట కంట్రీ కోడ్ పెట్టండి, మీరున్న దేశానిదే. ఏ ఛానెళ్ళు వాడొచ్చు, ఎంత పవర్ వాడొచ్చు అన్నది దాన్నిబట్టే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్ళలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచండి. 40 పెడితే వేగం పెరుగుతుందని ఆశ పుడుతుంది, చుట్టుపక్కల వైఫైలతో గుద్దుకుని తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 80 చాలు. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్ళలో రాడార్లు కూడా ఉంటాయి. రూటర్ ముందు ఓ నిమిషం నిశ్శబ్దంగా విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే వైఫై వదులుతుంది. "ఫైవ్ జీ వైఫై కనిపించట్లేదు" అని ఫోన్ చేసేవాళ్ళలో సగం మందికి నేను చెప్పేది "ఒక్క నిమిషం ఆగండి" అనే.

సెక్యూరిటీకి డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మిక్స్‌డ్ మోడ్ ఫోన్లకి బాగుంటుంది. పాత ప్రింటర్లు, వైఫై బల్బులు దాన్ని చూసి బిగుసుకుపోతాయి. వాటికోసం 2.4 గిగాహెర్ట్జ్ మీద వేరే పేరుతో డబ్ల్యూపీఏ2 మాత్రమే ఉన్న నెట్‌వర్క్ పెట్టి, దాన్నే గెస్ట్ నెట్‌వర్క్‌గా కూడా వాడుకోవచ్చు. అలా చేస్తే దానికి కొత్త ఇంటర్‌ఫేస్, కొత్త ఫైర్‌వాల్ జోన్ ఇచ్చి, ఆ జోన్ నుంచి వ్యాన్‌కి మాత్రమే దారి ఇవ్వండి. ఇన్‌పుట్ రిజెక్ట్‌లో ఉంచి, డీహెచ్‌సీపీ కోసం 67, డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి ఐపీ వెతికిపెట్టేది) కోసం 53 పోర్టులు తెరవాలి. ఈ రెండూ మర్చిపోతే వచ్చినవాళ్ళ ఫోన్ "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

ఎస్‌క్యూఎం

ఒక్క ఈ పని కోసమే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకోమన్నా నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో ఒకరు ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ గడ్డకట్టుకుపోవడం చూసే ఉంటారు. స్పీడ్ టెస్ట్ కొడితే వేగం బాగానే ఉంటుంది. లోపం వేగంలో కాదు, క్యూలో ఉంది. మోడెమ్‌లోనో అవతలి పరికరంలోనో బఫర్ మరీ పెద్దది, పెద్ద ఫైల్ ప్యాకెట్లు దాన్ని నింపేస్తాయి, మీ మాట మోసుకెళ్ళే చిన్న ప్యాకెట్ వాటి వెనక నిలబడాలి. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది జిమ్ గెట్టిస్. 2012లో లినక్స్ కెర్నల్‌లోకి ఎఫ్‌క్యూ-కోడెల్, 2018లో కేక్ అనే క్యూ పద్ధతులు వచ్చాయి. వీటి వెనక ఏళ్ళ తరబడి పట్టుబట్టి పనిచేసినవాళ్ళలో డేవ్ టాట్ ఒకరు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారు. వీడియో కాల్ సాఫీగా నడుస్తున్న ఇళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియదు.

పెట్టే పద్ధతి ఇది. ముందు జబ్బు ఉందో లేదో చూడండి. కేబుల్ మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో బయటి ఏదైనా అడ్రస్‌కి పింగ్ (జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే కమాండ్) నడుపుతూ ఉంచండి. మా ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు 12 మిల్లీసెకన్ల దగ్గర ఉండేది. ఇంకో ల్యాప్‌టాప్ నుంచి పెద్ద ఫైల్ అప్‌లోడ్ మొదలుపెట్టగానే 12 కాస్తా 90, 200, 400 దాటి పాకిపోయేది. అప్‌లోడ్ ఆపగానే మళ్ళీ 12. మీకూ ఇలా ఎగబాకితే మందు కావాలి. ఎంత లోడ్ పెట్టినా కదలకపోతే ఈ భాగం వదిలేసి ముందుకి వెళ్ళండి.

లూసీలో సాఫ్ట్‌వేర్ పేజీ తెరిచి, లిస్ట్ అప్‌డేట్ చేసి, లూసీ-యాప్-ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేయండి. నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం అని కొత్త పేజీ వస్తుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర వ్యాన్ ఎంచుకోండి, పీపీపీఓఈ అయితే పీపీపీఓఈ-వ్యాన్. వేగాలు కిలోబిట్లలో రాయాలి. ఎస్‌క్యూఎం ఆపి ఉంచి, కేబుల్ మీద, జనం ఎక్కువ వాడే వేళలో వేగం కొలవండి. డౌన్‌లోడ్ 200, అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ వచ్చిందనుకుందాం. పది శాతం తగ్గించి 180000, 45000 అని రాయండి. తగ్గించడం ఎందుకంటే, క్యూ మన రూటర్‌లోనే ఏర్పడాలి, మోడెమ్‌లో కాదు. అప్పుడే ఎవర్ని ముందు పంపాలన్నది మన చేతిలో ఉంటుంది. క్యూ డిసిప్లిన్‌లో కేక్, స్క్రిప్ట్ దగ్గర పీస్ ఆఫ్ కేక్ ఎంచుకోండి. లింక్ లేయర్ ట్యాబ్‌లో ఈథర్‌నెట్ విత్ ఓవర్‌హెడ్, ఫైబర్ లైన్‌కి 44. కేబుల్ టీవీ లైన్ అయితే 22.

మళ్ళీ పింగ్ పెట్టి అదే అప్‌లోడ్ నడపండి. మా దగ్గర పింగ్ 20 దాటడం లేదు. ఇంకా ఎగబాకుతుంటే అప్‌లోడ్ అంకె ఇంకాస్త తగ్గించండి. అది సరిగ్గా కుదిరాక డౌన్‌లోడ్ అంకెని కొద్దికొద్దిగా పెంచుతూ పింగ్ పాడవడం మొదలయ్యే చోట ఆగి, ఒక మెట్టు కిందికి రండి. రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

మీరు రాసిన వేగం కన్నా చాలా తక్కువే వస్తుంటే ప్రాసెసర్ చాలట్లేదన్నమాట. ఎస్ఎస్‌హెచ్‌లో టాప్ కమాండ్ నడిపి, డౌన్‌లోడ్ జరుగుతుండగా ఐడిల్ సున్నాకి వచ్చిందేమో చూడండి. ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే ప్యాకెట్లు ప్రాసెసర్‌ని దాటుకుని వెళ్ళిపోతాయి, వేగం వస్తుంది, ఎస్‌క్యూఎం పనిచేయదు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. సరిపడా ప్రాసెసర్ లేని రూటర్ మీద గిగాబిట్ లైన్ ఉన్నవాళ్ళు కనీసం అప్‌లోడ్ వైపు మాత్రం ఎస్‌క్యూఎం పెట్టి, డౌన్‌లోడ్‌కి సున్నా రాస్తే ఆ వైపు వదిలేస్తుంది. వీడియో కాల్స్‌కి అదే సగం పని.

మిగతావి

ప్రకటనలు ఆపడానికి యాడ్‌బ్లాక్ ప్యాకేజీ ఉంది, బాగుంటుంది, ర్యామ్ ఉన్న రూటర్‌లోనే వేయండి. బయట నుంచి ఇంటికి కనెక్ట్ కావాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేయండి. వేసే ముందు వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరు ఇంటర్నెట్ కంపెనీ ఉమ్మడి అడ్రస్ వెనక ఉన్నారు, ఐపీవీ4 మీద బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. అప్పుడు ఐపీవీ6 ఉందేమో అడగాలి. లూసీ పేజీని మాత్రం వ్యాన్ వైపు ఎప్పుడూ తెరవకండి, ఎంత అవసరం అనిపించినా సరే.

అన్నీ కుదిరాక సిస్టమ్ మెనూలో బ్యాకప్ పేజీకి వెళ్ళి ఆర్కైవ్ దించుకోండి. అందులో వైఫై పాస్‌వర్డ్, పీపీపీఓఈ పాస్‌వర్డ్ అన్నీ ఉంటాయి, కనపడిన చోటల్లా పెట్టకండి.

అప్‌డేట్ల విషయంలో ఫోన్ అలవాటు ఇక్కడ పనికిరాదు. సాఫ్ట్‌వేర్ పేజీలో ప్యాకేజీలన్నీ ఒక్కొక్కటిగా అప్‌గ్రేడ్ చేసుకుంటూ పోకండి. మూల ఫర్మ్‌వేర్ ఫ్లాష్‌లో చదవడానికి మాత్రమే ఉండే భాగంలో ఉంటుంది. కొత్త ప్యాకేజీ వేస్తే పాతది పోదు, దాని మీద ఇంకోటి పేరుకుంటుంది, ఉన్న కాస్త చోటూ నిండుతుంది. ఒకదానికొకటి పొసగని ముక్కలు చేరి రూటర్ మొండికేయడమూ ఉంది. కొత్త విడుదల వచ్చినప్పుడు మొత్తం ఇమేజ్ మార్చడమే సరైన పద్ధతి. సిస్‌అప్‌గ్రేడ్ ఫైల్ ఇచ్చి కీప్ సెట్టింగ్స్ టిక్ పెడితే సెట్టింగ్స్ ఉంటాయి, మీరు వేసిన ప్యాకేజీలు మాత్రం పోతాయి. ఈ బాధ లేకుండా అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ అని ఒకటుంది. మీ ప్యాకేజీల జాబితా సర్వర్‌కి పంపితే వాటితో సహా మీ కోసం ఇమేజ్ తయారుచేసి ఇస్తుంది. నేను ఇప్పుడు అదే వాడుతున్నాను.

పెద్ద విడుదలకి మారేటప్పుడు రిలీజ్ నోట్స్‌లో మీ చిప్ పేరు వెతికి చూడండి. పాత సెట్టింగ్స్ కొత్తదానికి పొసగవని అప్‌గ్రేడ్ పేజీ హెచ్చరిస్తే ఫోర్స్ నొక్కి దాటేయకండి. కీప్ సెట్టింగ్స్ టిక్ తీసేసి, ఖాళీగా ఎక్కించి, బ్యాకప్ ఆర్కైవ్‌ని పక్కన తెరిచి పెట్టుకుని సెట్టింగ్స్ చేత్తో మళ్ళీ రాసుకోండి. ఆ పని శనివారం పొద్దున పెట్టుకోండి, ఆఫీసు కాల్‌కి పది నిమిషాల ముందు కాదు.